కండక్టరన్నతో మాట్లాడిన మధ్యాహ్నాలు

పోయిన నెలలో బంధువుల పెళ్లికి గుడియాత్తం పోదామని వేలూరు బస్టాండులో బస్సెక్కి కూర్చున్నాను. కండక్టరు మెట్టు మీద నిలబడి "పళ్ళికొండ, గుడియాత్తం" అని గొంతెత్తి పిలుస్తుంటే నాకు తెలియకుండానే కళ్లు చెమర్చాయి. పక్క సీటాయన ఏమనుకున్నాడో గానీ, నాకు మాత్రం ఎన్నడూ ఎదురుగా చూడని మరో కండక్టరూ, ఆయనకు మాట తెప్పించడానికి పాటుపడిన మా కాలేజీ పిల్లలూ గుర్తుకొచ్చారు.

రిటైరయ్యే ముందు కొన్నేళ్లు నేను మా కాలేజీ తెలుగు విద్యార్థుల సంఘానికి సలహాదారుగా ఉన్నాను. తరతరాలుగా ఈ వేలూరు చుట్టుపక్కలే స్థిరపడి, ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే కుటుంబాల పిల్లలే అందులో ఎక్కువ. సగం మందికి తెలుగు చదవడం రాదు. అయినా ఏటా ఉగాదికి హాలులో చేరి, కొత్తగా వచ్చినవాళ్లను వేదికెక్కించి, తమ ఇంటి సంగతులు ఇంటి తెలుగులోనే ఆపకుండా చెప్పమనేవారు. తడబడితే ఈలలు, ముగిస్తే భుజాల మీద ఊరేగింపు. అంతటితో వాడు సంఘం మనిషి. ఆపైన వాడికి జ్వరమొచ్చినా, వాడింట్లో పెళ్లయినా అది అందరిదీను.

కరోనా వచ్చిన ఏడు ఉగాదికి హాలుకు తాళం పడింది. హాస్టలు ఖాళీ అయి, పిల్లలంతా ఎవరి ఊళ్లో వాళ్లు ఇళ్లలో చిక్కుకుపోయారు. అప్పటి అధ్యక్షురాలు గుడియాత్తంలో లుంగీలు నేసే ఇంటి అమ్మాయి. మగ్గాలు ఆగిపోయి ఇల్లంతా దిగులుగా ఉన్నా, సంఘాన్ని మాత్రం ఫోనులోనే నిలబెట్టాలని పట్టుబట్టింది. ఆమెకు తోడు వేలూరులోనే సత్తువాచారిలో ఉండే కార్యదర్శి. ఆ కుర్రాడు అధికారుల అనుమతి తీసుకుని, వైద్యానికని ఆంధ్రా నుంచి వచ్చి ఊరు చేరలేక లాడ్జీల్లో ఉండిపోయిన వాళ్లకు భోజనాలు అందిస్తుండేవాడు.

అలా ఒక లాడ్జిలో అతనికి కడప వైపు తల్లీకొడుకులు కనిపించారు. కొడుకు బస్సు కండక్టరు. తలలో గడ్డకు ఆపరేషను జరిగి ప్రాణం దక్కింది గానీ మాట పోయింది. ఎదుటివాళ్లు చెప్పేది అర్థమవుతుంది, తను చెప్పాలనుకున్న మాట నోటికి రాదు. సొంత భాషలో రోజూ ఎవరో ఒకరు మాట్లాడిస్తూ ఉంటే మెల్లగా తిరిగి రావచ్చని డాక్టరు చెప్పి పంపాడట. ఆ నాలుగు గోడల మధ్య తల్లి ఒక్కతే ఎంతని మాట్లాడుతుంది? తమిళం రాని ఆవిడకు పలకరించే మనిషే లేడు.

ఆ సంగతి సంఘంలో చెప్పగానే గుడియాత్తం అమ్మాయి ఒక ఏర్పాటు చేసింది. ప్రతి మధ్యాహ్నం ఒకరు ఆ తల్లికి ఫోను చేసి, కండక్టరన్నతో తమ ఇంటి సంగతులు చెప్పాలి. కొత్త సభ్యులకు ఆ ఏటి వేదిక అదే. నెమిలి అనే ఊరి నుంచి ఒకడు వరినారు గురించి చెప్పేవాడు, జోలార్పేట రైల్వే క్వార్టర్సు పిల్ల ఆగిపోయిన రైళ్ల గురించి చెప్పేది. అవతలి నుంచి "ఊ" తప్ప ఏమీ వచ్చేది కాదు. వారాలు గడిచాయి. తల్లికే మనసు విరిగిపోయింది.

"ఇంక ఇడిచిపెట్టండి నాయనా, మీకు చదువులుండాయి" అందట ఒకనాడు.

"మేము మాత్రం యాడికి పోతాము మ్మా? మేమూ ఇంట్లోనే గదా ఉండాము" అని గుడియాత్తం అమ్మాయి కొట్టిపారేసి, ఏమీ జరగనట్టే ఆనాటి వంట గురించి మొదలుపెట్టింది. "ఈపొద్దు మా ఇంట్లో తక్కాళి పులుసు అన్నా. తక్కాళి బాగా పుల్లగా ఉండాది..."

అవతలి నుంచి బరువుగా, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ ఒక గొంతు: "తక్కాళి... గాదు మ్మా. ట...మోటా."

ఆ అమ్మాయి వెంటనే నాకు ఫోను చేసింది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. "సార్, అన్న మాట్లాడినాడు సార్! నన్నే తిద్దినాడు!"

ఆ రోజు నుంచి పిల్లలు కావాలనే తమిళం మాటలు ఎక్కువగా కలిపి మాట్లాడేవారు. మా తెలుగు కలగాపులగమని సిగ్గుపడే పిల్లలు, తమను దిద్దించుకోవడానికే పోటీలు పడ్డారు. ఆయన ఒక్కో మాటా దిద్దుతూ, ఒక్కో మాటా తిరిగి తెచ్చుకున్నాడు.

ఊరికి పోవడానికి కారు, అనుమతి దొరికిన రోజున అందరం ఒకే ఫోను కాల్లో చేరాం. తన బస్సు పోయే దారిలో ఊళ్లు చెప్పమని ఎవరో అడిగారు. "కడప... గువ్వలచెరువు... రాయచోటి..." అని చెబుతూ ఆయన ఆగిపోయాడు. తర్వాతి ఊరు నాకు తెలుసు, నోటిదాకా వచ్చింది కూడా. గుడియాత్తం అమ్మాయి మాత్రం మెల్లగా "నువ్వే చెప్పు అన్నా, మేముండాము" అంది. ఎవరూ అందించలేదు. ఎంతసేపు గడిచిందో గానీ "చిన్నమండెం" అన్నాడాయన. ఇవతల మా ఇళ్లన్నీ ఒక్కసారిగా అరిచాయి. ఆ అరుపులో తల్లి ఏమన్నదో నాకు వినబడలేదు.

ఆయన తిరిగి ఉద్యోగంలో చేరాడని తర్వాత తెలిసింది. మాట ఇంకా నిదానమే కాబట్టి బస్సు మీద కాక డిపోలో పని ఇచ్చారట. ఆ అమ్మాయి ఇప్పుడు చెన్నైలో ఉద్యోగం చేస్తోంది.

సంఘం ఇప్పటికీ ఉగాదికి నన్ను పిలుస్తుంది, నేనూ పోతాను. హాలు నిండుగా ఉంటుంది, పిల్లలు చురుకైనవాళ్లు, మాకంటే తెలివైనవాళ్లు. అయితే వేదిక మీద ఎవరికైనా మాట దొరక్కపోతే వెంటనే చప్పట్లు కొట్టి దింపేస్తారు, వెనక ఇంకా కార్యక్రమాలుంటాయి కదా. వాళ్ల తప్పని అనను. కానీ ఇంటింటా భయం కూర్చున్న ఆ వేసవిలో, ఒక మనిషి నోటి నుంచి ఒక్క ఊరి పేరు వచ్చేదాకా అంతమంది పిల్లలు ఊపిరి బిగబట్టి కాచుకున్న ఆ నిశ్శబ్దం, అంత ఓపికైన నిశ్శబ్దం, ఆ తర్వాత నేను ఏ సభలోనూ వినలేదు.