రాగిణి చేసే పని

దేదీప్య పుట్టి పెరిగింది న్యూజెర్సీలోని ప్లెయిన్స్‌బరోలో. బయాలజీ స్టూడెంట్. ఆఖరి ఏడాదికి ముందు కాలేజీ వాళ్లు పిల్లల్ని ఏడాది పాటు ఏదైనా కంపెనీలో పనిచేసి రమ్మంటారు. దాన్ని కో-ఆప్ అంటారు. దేదీప్యకి దేశానికి ఆ కొసన, సియాటిల్ పక్కనున్న బాతెల్‌లో, గుండె జబ్బులకి మందు కనిపెట్టే చిన్న కంపెనీలో దొరికింది. అమ్మ విజయశ్రీ ఎయిర్‌పోర్ట్‌లో కళ్లు తుడుచుకుంటుంటే దేదీప్య మాత్రం నవ్వుతూ లోపలికి వెళ్లిపోయింది.

ఆ హుషారు నెల తిరక్కుండానే చల్లారింది. బాతెల్‌లో చలికాలమంతా ముసురే. అద్దెకి తీసుకున్న గదిలో పలకరించే దిక్కు లేదు. రోజు మొత్తం మీద మనసు విప్పి మాట్లాడే మనిషి ఒక్కరే, ల్యాబ్‌లో ఆమెకి పని నేర్పే రాగిణి.

"రాగిణి ఆంటీ, ఈ బాటిల్స్ ఎక్కడ పెట్టాలి?" అంది మొదటి రోజు.

"ఆంటీ ఏంది? ముప్పై ఎనిమిదేళ్లకే ముసలిదాన్ని చేస్తవా? అక్కా అను చాలు."

రాగిణిది హనుమకొండ. హెచ్‌వన్‌బీ వర్క్ వీసా మీద ఈ కంపెనీలో ఆరేళ్లుగా చేస్తోంది. భర్త ఫణి, కూతురు హంసిక ఆమె వీసాని పట్టుకునే ఇక్కడున్నారు. గాజు పళ్లెంలో గుండె కణాల్ని పెంచడం ఆమె పని. వాటి మేత, అంటే అవి బతికే పోషక ద్రవం, రోజూ మార్చాలి, ఆదివారమైనా సరే. పెరిగిన కణాలు మైక్రోస్కోప్ కింద వాటంతటవే టిక్కుటిక్కుమని కొట్టుకుంటాయి. మొదటిసారి చూసినప్పుడు దేదీప్యకి ఒళ్లు జలదరించింది. ఊపిరి బిగబట్టి చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు. రాగిణి తొందరపెట్టలేదు.

సంక్రాంతి, ఉగాది అన్నీ ల్యాబ్‌లోనే గడిచిపోయాయి. ఏప్రిల్‌లో ల్యాబ్ డైరెక్టర్ రాజ్ దేదీప్యని తన గదికి పిలిచాడు. "నీ పని చాలా బాగుంది. రాగిణి చేసే పనంతా జూన్ లోపు నువ్వొక్కదానివే చేసేలా నేర్చుకో. నీ కెరీర్‌కి మంచిది," అన్నాడు.

దేదీప్య పొంగిపోయింది. లంచ్‌లో ఆ మాటే రాగిణికి చెప్పింది. రాగిణి డబ్బా మూత తీస్తూ ఆగింది.

"అట్లన్నడా?"

"అవును అక్కా. ఈజ్ దట్ గుడ్?"

"మంచిదే. నేర్చుకో," అని అన్నం కలుపుకుంది.

ఆ తర్వాత రాగిణి నేర్పే తీరే మారిపోయింది. ముచ్చట్లు తగ్గిపోయాయి. పొరపాటు చేస్తే మొత్తం మళ్లీ చేయించేది. పళ్లెం వెలుతురుకెత్తి, "కణాలు ఇంకా నిండలేదు, చూడు. ఇప్పుడే మందు పోస్తే చస్తయి. రేపటిదాకా ఆగాలె," అనేది. తన మీద కోపమేమో అనుకుని దేదీప్య లోలోపల నొచ్చుకుంది.

జూన్‌లో ఒక బుధవారం పొద్దున రాగిణిని మీటింగ్‌కి పిలిచారు. కాసేపటికి అట్టపెట్టెతో బయటికొచ్చింది, పక్కన సెక్యూరిటీ మనిషి. ల్యాబ్ గుమ్మం దగ్గర ఒక్క క్షణం నిలబడి, "పై అరలో ట్రేకి రేపు ఫీడ్ చేయాలె. మర్చిపోకు," అని వెళ్లిపోయింది.

మధ్యాహ్నం రాజ్ వచ్చి, ఖర్చులు తగ్గించుకోవాల్సి వచ్చిందని, మిగిలిన నెలలు ఆ పని దేదీప్యే చూడాలని చెప్పాడు. అప్పుడు వెలిగింది ఆమెకి, ఏప్రిల్‌లో రాజ్ తనని ఆ పని ఎందుకు నేర్చుకోమన్నాడో. మానేస్తానని కాలేజీ అడ్వైజర్‌కి ఫోన్ చేసింది. మధ్యలో వదిలేస్తే ఏడాది క్రెడిట్లన్నీ పోతాయి, డిగ్రీ వెనకబడుతుంది అన్నాడాయన. రాత్రంతా ఏడ్చింది. పొద్దున్నే వెళ్లి పై అరలో ట్రేకి ఫీడ్ చేసింది.

ఆమె సొంతంగా మొదలుపెట్టిన కణాలు కొట్టుకోలేదు. రెండోసారీ అంతే. తప్పెక్కడో తెలియక సిగ్గు చంపుకుని రాగిణికి ఫోన్ చేసింది. రాగిణి ఏమేం చేసిందో ఒక్కొక్కటే అడిగి, తప్పెక్కడుందో చెప్పి పెట్టేసింది. మూడోసారి కణాలు కొట్టుకున్నాయి. రాజ్ అందరికీ డోనట్స్ తెప్పించాడు. దేదీప్య తన డోనట్ అక్కడే వదిలేసి ల్యాబ్‌లోకి వెళ్లిపోయింది.

ఆగస్టులో దేదీప్య రాగిణి వాళ్ల అపార్ట్‌మెంట్‌కి వెళ్లింది. హాలంతా సూట్‌కేసులే. ఉద్యోగం పోయాక వీసా ఇచ్చే రెండు నెలల గడువులో ఇంకో ఉద్యోగం కుదరలేదు, ఇండియా వెళ్లిపోవాలి. సోఫా కొనడానికి వచ్చిన వాళ్లకి ఫణి దాన్ని తిప్పి చూపిస్తున్నాడు. హంసిక గది తలుపు మూసే ఉంది.

"అక్కా, రాజ్ ఎందుకు అన్నాడో నీకు అప్పుడే తెలుసు కదా? మరి నాకెందుకు నేర్పించావు?"

రాగిణి బట్టలు మడత పెడుతూనే ఉంది. "నేర్పకపోతే ఇంకో నెల ఉంచుకునేటోళ్లేమో. ఏమో. నువ్వు నేర్చుకోనీకి వచ్చినవ్. తప్పుడు పని ఎట్ల నేర్పాలె నీకు?" అని, ఇంకో చొక్కా అందుకుని, "కోపం లేదనుకోకు. ఉన్నది. నీ మీద గూడ కొంచెం ఉన్నది," అంది.

దేదీప్య సారీ చెప్పబోయింది. "వద్దులే. ఆ టేప్ ఇటియ్యి," అంది రాగిణి. ఇద్దరూ కలిసి పెట్టెలకి టేపు వేశారు.

ఏడాది పూర్తవుతుండగా రాజ్ దేదీప్యకి ఉద్యోగం ఇస్తానన్నాడు, డిగ్రీ కాగానే వచ్చి చేరమన్నాడు. వద్దంది. ఆయనేం బాధపడలేదు. వారం తిరక్కుండా అనుష్క అనే కొత్త కో-ఆప్ అమ్మాయిని తెచ్చి, "నీ పనంతా ఈమెకి నేర్పించి వెళ్లు," అన్నాడు.

నేర్పించింది. సగం సగం నేర్పి వదిలేయాలని ఒక పూట అనిపించింది కానీ చేతులు రాలేదు. ఆఖరి రోజు మాత్రం, "నిన్ను ఎవరి పనైనా నేర్చుకోమంటే, ఎందుకని అడుగు," అంది. అనుష్క అర్థం కానట్టు చూసి, "ఓకే," అంది.

ఇంటికొచ్చాక అమ్మ ఎలా జరిగిందని అడిగితే, "బానే జరిగింది," అని ఊరుకుంది. కో-ఆప్‌కి కాలేజీలో ఆమెకి 'ఎ' గ్రేడ్ ఇచ్చారు. హైదరాబాద్‌లో ఉన్న రాగిణికి మెసేజ్ పెట్టింది. ఎన్నాళ్లకో జవాబొచ్చింది: హంసిక కొత్త స్కూల్లో ఇంకా ఎవరితోనూ మాట్లాడట్లేదని. ఉద్యోగం సంగతి రాయలేదు. దేదీప్యకి అడిగే ధైర్యం లేకపోయింది.