అత్తయ్య వ్రతం, మావయ్య వడ్లు

మొన్న రాజమండ్రిలో మా మేనకోడలు కొత్త ఫ్లాట్‌లో సత్యనారాయణ వ్రతం చేసుకుంది. నాలుగో అధ్యాయం సగంలో ఉండగా పార్సిల్ వచ్చిందని ఫోన్ మోగింది, పీటల మీదున్న అల్లుడుగారు లేచి లిఫ్టు వైపు పరిగెత్తారు. మిగతావాళ్ళు కథ వింటూనే ఉన్నారు. నాకు మాత్రం మా అత్తయ్య గుర్తొచ్చి, ఉన్నచోటే సర్దుకుని కూర్చున్నాను.

ఆవిడకి ఆ అధ్యాయమంటే ప్రాణం. అందులో కళావతి, మొగుడి పడవ వచ్చిందని తెలియగానే ప్రసాదం కూడా తినకుండా రేవుకి పరిగెడుతుంది, పడవ కాస్తా మునిగిపోతుంది. అందుకని అత్తయ్య ఇంట్లో కథ మొదలయ్యాక, ప్రసాదం నోట్లో పడేదాకా ఎవరూ కదలకూడదు. దగ్గొచ్చినా ఆవిడ మొహం చూసి దగ్గాలి.

ఒక వేసవిలో, ఏడాది తిండికని ఉంచుకున్న రెండో పంట, దాళ్వా వడ్లు కాలవగట్టు రోడ్డు మీద ఆరబోసి మరీ వ్రతం పెట్టుకుంది. దేవుడి కథకి తేడాలేంటని కాపలా ఉన్న కూలీలను కూడా లోపలికి పిలిచింది. వడ్ల దగ్గర కాకులు మిగిలాయి. సరిగ్గా కళావతి ప్రసాదం వదిలేసి లేచే వేళకి ఉరిమింది. పీట మీదున్న మావయ్య మెడ గుమ్మం వైపు తిరిగింది.

"ఒక్కసారి బరకాలు కప్పేసి వచ్చేస్తానే," అన్నాడు.

"కళావతి కూడా ఒక్కసారే అనుకుందండి," అంది అత్తయ్య, ఆయన చేతిలో అక్షింతలు పెడుతూ.

పంతులుగారికీ సొంత చేను ఉంది. ఆయన కథని పరుగెత్తించారు. "మింగెయ్యకండి పంతులుగారూ, ఉన్నదున్నట్టు చదవండి," అంది అత్తయ్య. అంది గానీ ఆవిడ కళ్ళూ గుమ్మం వైపే వెళ్ళాయి. పెంకుల మీద చినుకులు మొదలయ్యాయి.

ప్రసాదం చేతిలో పడగానే నమిలీ నమలకుండా అందరం పరిగెత్తాం. వడ్లు సగం కాలవలోకి జారిపోతున్నాయి. మావయ్య తడిసి ముద్దయి కాసేపు చూసి, "స్వామి పరీక్ష పెట్టాడే. నువ్వు పాసయ్యావు, వడ్లు ఫెయిలయ్యాయి," అన్నాడు. అత్తయ్య నవ్వబోయి ఏడ్చేసింది. నాకు ఆవిడ మీద కోపమూ వచ్చింది, జాలీ వేసింది.

మిగిలినవి మళ్ళీ ఆరబెట్టి ఆడిస్తే బియ్యం రంగు మారి, ముక్కిపోయిన వాసన. కొనేవాడు లేడు, పారెయ్యడానికి మనసొప్పదు. అత్తయ్య ఆ బియ్యమే వండింది, మావయ్య ఆ అన్నమే తిన్నాడు. ఏంటీ వాసన అని ఆయన ఒక్కరోజూ అడగలేదు. నేనేం తప్పు చేశానని ఆవిడా అనలేదు. గోంగూర పచ్చడి మాత్రం జాడీలకు జాడీలు అయిపోయేది. వ్రతం ఆ మధ్యాహ్నంతో అయిపోయిందని మేమందరం అనుకున్నాం గానీ, వాళ్ళిద్దరికీ అది మరుసటి దాళ్వా వడ్లు ఇంటికొచ్చేదాకా సాగింది.