భుజానికి పట్టిన మందు

ఇళ్ల సామాను మార్చే పనిలో ఇరవై రెండేళ్లుగా అరిగిపోయిన ఆయన్ని అందరూ బీరువా అంటారు. ఇనుప బీరువాను ఒక్కడే నాలుగో అంతస్తుకు మోసినందుకు వచ్చిన పేరది. లిఫ్టుకు గీతలు పడతాయని అపార్ట్‌మెంట్ల వాళ్లు తాళం వేసుకుంటారు. కాంట్రాక్టరు చక్రాల బండి కొనడు. సామాను దించాక మాత్రం ఒళ్లు నొప్పులకని తలా ఒక క్వార్టరు సీసా చేతిలో పెడతాడు. కాదంటే మర్నాడు పనికి పిలవడేమోనని బీరువా ఏనాడూ నోరెత్తలేదు.

భార్యకు నడుము కింద స్పర్శ లేదు. రోజూ పొద్దున ఆమెను మంచం మీంచి చక్రాల కుర్చీలోకి ఎత్తేది ఆయనే. ఒకనాడు కుడి భుజం సగంలో సహకరించలేదు. ఆమె మంచం అంచున జారిపడింది. దెబ్బ తగల్లేదు గానీ, ఆ తర్వాత స్నానం రోజు విడిచి రోజు చాలంది. ఆ మాట ఆయన గుండెలో ముల్లులా దిగింది.

మరదలు ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు. వారానికి మూడు రోజులు చేయమని చిన్న బరువులతో కసరత్తు నేర్పింది. మూడు నెలలు గడిచినా భుజం ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. అనుమానమొచ్చి ఆరా తీస్తే తెలిసింది: కాంట్రాక్టరు గోడౌన్ వెనక కసరత్తు ముగించగానే బావగారు ఆనాటి సీసా ఖాళీ చేస్తున్నారు. పైగా కసరత్తు లేని రోజు సీసా ముట్టరట, నిష్ఠగా! మందంటే నిజంగా మందేనని, రెండూ కలిపితేనే కండ గట్టిపడుతుందని ఆయన నమ్మకం.

"తాపీమేస్త్రీని పిలిచి, వాడికే తాగించి పడుకోబెడితే గోడెవడు కడతాడు బావా?" అందామె.

బరువులెత్తినప్పుడు కండలో సన్నటి చీలికలు పడతాయని, ఆ తర్వాతి గంటల్లో, నిద్రలో ఒళ్లు వాటిని బాగుచేసుకుంటుందని చెప్పింది. అప్పుడు బాగా తాగితే కొత్త కండ తయారీ మందగిస్తుంది. కండను పెంచే హార్మోను తగ్గొచ్చు, ఒత్తిడి హార్మోను పెరగొచ్చు, నిద్ర చెడుతుంది. నొప్పి తెలియకుండా పోతుందే గానీ తగ్గదు.

"ఒక్క గుక్కయినా?"

"గుక్కయితే నష్టం తక్కువే. నీది గుక్కా?"

మర్నాడు బీరువా కాంట్రాక్టరుతో సీసా వద్దన్నాడు. "భుజం బాగుచేసుకుంటున్నాను సార్. ఇంట్లో మనిషిని ఎత్తాలి." నాలుగు రోజులు పిలుపు రాలేదు. అయిదో రోజు పెద్ద ఫ్రిజ్ దగ్గర కుర్రాళ్లు చేతులెత్తేశాక ఫోను మోగింది.

రెండు నెలలకు భార్యను ఒక్క ఊపులో ఎత్తాడు. "ఇంత పైకెందుకు, ఫ్యాను తుడవాలా?" అని ఆమె నవ్వింది. ఇప్పుడు స్నానం రోజూ. తిట్టేవాళ్లు దొరకడం కూడా అదృష్టమేనని మరదలి గురించి ఆయన చేతులు జోడించి చెప్తాడు. మా పుస్తకాల పెట్టెలు మోయడానికొచ్చి ఈ కథంతా నాకు చెప్పినందుకు నేనూ ఆయనకు రుణపడ్డాను.

కాబట్టి ఒక్క కోరిక. మీ ఇంటికి సామాను మోసేవాళ్లొస్తే లిఫ్టు తాళం తీయించండి. వాళ్లకు సీసాలు పంచే కాంట్రాక్టరుకు బండి కొనమని, బరువు మోసిన మర్నాడు జీతంతో సెలవివ్వమని చెప్పండి. వినకపోతే ఇంకొకరిని పిలుస్తామని కూడా చెప్పండి.