ఎరుపు పెట్టడానికి వెరవని ఖైరున్నీసా

మా మార్కాపురం ఆస్పత్రి హెడ్ సిస్టర్ ఖైరున్నీసా ఇక లేదన్న దుర్వార్త మొన్న పొద్దున వార్డు ఊడుస్తుండగా తెలిసింది. గిద్దలూరులో పుట్టింటికి పోయి, అక్కడే గుండె ఆగి కన్నుమూసిందట. చీపురు గోడకు ఆనించి కూలబడ్డాను. ఏడవడానికి కూడా ఓపిక లేకపోయింది. వయసులో నాకన్నా ఎంతో చిన్నది.

ఆమె గుణగణాలు వర్ణించేంత చదువు నాకు లేదు. ఆయాగా కళ్లారా చూసింది చెబుతాను.

మా ప్రసూతి వార్డు గోడకు పెద్ద టీవీ ఒకటి బిగించారు. ఏ మంచానికి ఏం కావాలి, ఆ పని ఎవరిది అన్నది అందులో కనిపిస్తుంది. పని అయితే నర్సులు పచ్చ నొక్కుతారు, కాకుంటే ఎరుపు. డాక్టర్లూ ల్యాబువాళ్లూ తమ గదుల్లో కూడా అదే చూస్తారు. నాకు మాత్రం కరెంటు ఖర్చే కనిపించింది.

"పొద్దస్తమానం ఈ టీవీ ఏంది సిస్టరమ్మా? ఒక్క సీరియలన్నా రాదే!" అన్నాను.

"ఒకరి సంగతి ఒకరికి తెలీకుంటేనే కదవ్వా సీరియలు నడిచేది! మన వార్డు అట్ల నడవకూడదనే ఇది" అని నవ్వింది.

అయితే మా దగ్గర ఒక మర్యాద ఉండేది. పెద్ద డాక్టరు పేరు ఎదుట ఎవరూ ఎరుపు పెట్టరు. పెద్దాయనను నలుగురిలో తప్పుపట్టినట్టు ఉంటుందని, ఆయన రాకముందే పచ్చ పెట్టేసేవాళ్లు. నా మనవరాలు కాన్పుకు వచ్చిన రోజు కూడా అట్లే పెట్టారు. నొప్పులు ముదిరాయి, కడుపులో బిడ్డ గుండె మందగిస్తున్నది. టీవీలో మాత్రం డాక్టరు చూసి వెళ్లినట్టే ఉంది.

అప్పుడే డ్యూటీకి వచ్చిన ఖైరున్నీసా నా మనవరాలిని పరీక్షించి, నేరుగా పోయి ఆయన పేరు ఎదుట ఎరుపు పెట్టబోయింది.

"వద్దక్కా, సారు తిడతాడు" అని చిన్న నర్సు చెయ్యి పట్టుకుంది.

"తిట్టనీకైనా వస్తాడు కదా, రానీ!" అని ఖైరున్నీసా ఎరుపు నొక్కేసింది.

ఆయన పరుగున వచ్చాడు. "పచ్చగా ఉందని పైన ఓపీలో రోగులను చూసుకుంటా ఉన్నా. ముందే ఎందుకు చెప్పలేదమ్మా?"

"మీమీద గౌరవంతోనే సార్" అంది ఆమె.

వెంటనే ఆపరేషను చేశాడు. తల్లీబిడ్డా దక్కారు.

"గౌరవం నమస్కారంలో పెట్టండి, టీవీలో నిజం పెట్టండి" అని ఆనాటి నుంచీ అందరికీ చెప్పేది. తన పని ఆలస్యమైతే తన పేరుకే ముందుగా ఎరుపు పెట్టుకునేది. ఎంత నిష్ఠ! ఆ కుర్చీలోకి ఇంకొకరు వస్తారు. ఆ నిష్ఠను ఎక్కడినుంచి తెస్తాం?

నిన్న చూస్తే పెద్ద డాక్టరు వరుసంతా పచ్చగా ఉంది. కిటికీ పక్క మంచంమీది పిల్ల పళ్లు బిగబట్టి "అవ్వా, సారు ఇంకా రాలేదు" అంది. నర్సులెవరూ ఎరుపు పెట్టడానికి ముందుకు రాలేదు. నాకా టీవీ నొక్కడం రాదు. మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కి, ఓపీ తలుపు కొట్టాను. ఆ మహా ఇల్లాలికి ఈ ముసలిదాని చేతనైన నివాళి ఇంతే.