పెర్కిట్‌లో సముద్రం పెట్టినామె

మా అక్క పోయిందని మొన్న పొద్దున మా అత్తగారి ఊరు పెర్కిట్ నుంచి ఫోన్ వచ్చింది. అక్క అంటే తోబుట్టువు కాదు. మా బావగారి భార్య, నా తోటికోడలు. ఆర్మూర్ చుట్టుపక్కల చాలామంది ఆమెను ఇప్పటికీ "సముద్రం పెట్టినామె" అనే గుర్తుపడతారు.

మా బావగారు బహ్రెయిన్‌లో పైపుల పని చేసేవారు. అక్క కూడా కొన్నేళ్లు అక్కడే ఉంది. ఒక ఇంట్లో గోడంత అద్దాల తొట్టి, అందులో పగడాలు, వాటి మధ్య తిరిగే నారింజరంగు చేపలు చూసింది. తొంభైల మొదట్లో ఆమె తిరిగొచ్చినప్పుడు బంగారం తెచ్చిందేమోనని అందరం పెట్టెలకేసి చూశాం. వాటిలోంచి నీళ్ల మోటార్లు, మామూలు నీళ్లలో కలిపితే సముద్రపు నీళ్లయ్యే ఉప్పు సంచులు బయటికొచ్చాయి.

"దీనితోటి ఏం లాభమే?" అన్నారు మామయ్య.

"లాభానికి పసుపు ఉంది గద మామా. ఇది నాకు గావాలె, గంతే."

మా ఇంట్లో ఒక కోడలు "నాకు కావాలి" అనగా నేను వినడం అదే మొదలు. తర్వాత నా నోట ఆ మాట ఎన్నిసార్లు వచ్చినా, నేర్పింది ఆమే.

నిజామాబాద్‌లో అద్దాలు కోయించింది. పైన పెద్ద తొట్టి, దాని కింద బల్లలో చిన్న తొట్టి. పై తొట్టి అంచు దాటిన నీళ్లు పైపుగుండా కిందికి దిగాలి, అక్కడ మురికి వదిలాక మోటారు తోడితే మళ్లీ పైకి చేరాలి. ఇనుము ఒక్క ముక్కా వద్దంది, ఉప్పు నీళ్లు తినేస్తాయని. రాగి అయితే పగడాలకు విషం. బోరు సామాను దుకాణం నుంచి ప్లాస్టిక్ పైపులు తెచ్చి, రంపంతో తనే కోసి, జిగురు పూసి అతికించింది. కారిన చోట కోసేసి మళ్లీ అతికించింది. కుచ్చిళ్లు దోపుకుని బల్ల కింద పడుకున్న ఆమెను చూడటానికి ఆడవాళ్లు వచ్చేవారు. "కూసోండ్రి, చాయ్ తాగుకుంట నవ్వుండ్రి" అనేది అక్కణ్నుంచే.

నీళ్లు కుదురుకున్నాక మద్రాసు నుంచి పగడాలు, చేపలు తెప్పించింది. ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. మోటారు ఆగగానే, నీళ్లు ఎక్కించే పైపే వాటిని వెనక్కి లాగడం మొదలుపెట్టింది. దాని మూతి పై తొట్టిలో లోతుగా మునిగి ఉంది మరి. కింది తొట్టి పొంగింది. ఉప్పు నీళ్లు పక్క గదిలో అమ్మకానికి సిద్ధంగా ఉన్న పసుపు బస్తాల కిందికి పోయాయి. మేము పొలం నుంచి వచ్చేసరికి అక్క ఒక్కతే బస్తాలు ఈడుస్తోంది.

మామయ్య కోపంతో ఊగిపోయారు. "పొద్దుగాల వరకు గీ అద్దాలు బయట పడాలె. లేకుంటె నేనే పలగ్గొడ్త."

"పసుపు తడిసింది, నిజమే. కడిగి ఆరబెట్టే పని నాది. పైపు నేనే ఏసిన, నేనే సక్క జేస్త. గని తొట్టి మీద చెయ్యేస్తె ఊకోను మామా."

తడిసిన కొమ్ములన్నీ మంచినీళ్లతో కడిగి కల్లంలో ఆరబోసింది. నేనూ ఓ చెయ్యి వేశాను. తెల్లారేలోపు పైపు మూతిని పైకి లేపి, నీటి మట్టానికి కాస్త కింద దానికో చిన్న రంధ్రం చేసింది. "కరెంటు పోతె నీళ్లు గీ బొక్క దాక దిగుతయి చెల్లే. గాలి జొర్రంగనే లాగుడు బందైతది." కింది తొట్టిని సగమే నింపింది. మామయ్యను పిలిచి ఆయన ముందే మోటారు ఆపింది. కింద నీళ్లు పెరిగి పెరిగి, అంచుకు బెత్తెడు దూరంలో ఆగిపోయాయి. మామయ్య ఆ అంచును వేలితో తడిమి చూసి బయటికి వెళ్లిపోయారు. చివరిదాకా ఆయన ఆ తొట్టిని మెచ్చుకోలేదు. ఆ మాట కోసం ఆమె ఎదురుచూడనూ లేదు.

ఒక ఎండాకాలం కరెంటు కోతలకు చేపలన్నీ చచ్చిపోయాయి. వాటికి గాలి అందాలని చెంబుతో నీళ్లు ముంచి పోసి పోసి ఆమె చేతులు వాచాయి. "ఇగనన్న బంద్ జెయ్యక్కా" అన్నాను. "పంట పోయిందని పొలం ఇడిసిపెడ్తమా?" అని తొట్టి కడగడం మొదలుపెట్టింది.

మొన్న నేను వెళ్లేసరికి ఇల్లంతా జనం. అక్కను తొట్టి ఉన్న గదిలోనే పడుకోబెట్టారు. "పీనుగ లేచే ఇంట్ల గా మోటారు సప్పుడేంది?" అని వరసకు పెద్దాయన ఒకరు స్విచ్ ఆపేశారు. నేను లేచి వెళ్లి వేశాను.

"ఏందమ్మా గిది?" అన్నారాయన.

"ఇది ఆమె ఇల్లు. నడవనీయుండ్రి."

పైపులో గాలి గుడగుడలాడింది. నీళ్లు అంచు దాటి కిందికి దిగాయి. ముడుచుకున్న పగడాలు మెల్లగా విచ్చుకుంటుంటే, ఏడుస్తున్న ఆడవాళ్లలో కొందరు తల తిప్పి అటే చూస్తూ ఉండిపోయారు.