బురద కాదు, ముద్దు

చాలాకాలం నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. నా గురించి అడిగారు, అది వేరు. పుట్టుకతోనే నాకు చూపు లేదు. చెవులు బాగున్నాయి, నోరు ఇంకా బాగుంది. అయినా షాద్‌నగర్‌లో చీరల దుకాణంవాడు నా పక్కనున్న వదిననే అడుగుతాడు, "ఈమెకు ఏ రంగు చూపియ్యాల్నక్కా?" అని. దవాఖానలో డాక్టరమ్మ కూడా అంతే. "ఈవిడకి నెలసరి సరిగ్గా వస్తోందాండీ?" అంది వదినతో.

"ఆమెకెట్ల తెలుస్తది మేడమ్? నన్నడుగుండ్రి," అన్నాను.

డాక్టరమ్మ నవ్వింది. తర్వాత ఆమె గొంతు మళ్లీ వదిన వైపే తిరిగింది. నేను మరిచిపోలేదు. ఇంట్లో పెళ్లి ముచ్చట వస్తే అది నా మీదుగా దూకి చెల్లెలి దగ్గర వాలేది. "దానికెందుకులే," అన్న మేనత్త మాటా మరిచిపోలేదు.

అందుకే బస్సులో ఒకతను "నీ నంబర్ ఇస్తవా?" అన్నప్పుడు ఇంకెవరినో అడుగుతున్నాడనుకున్నాను. నన్నే. ఇద్దరం షాద్‌నగర్‌లో ఒకే బస్సెక్కి శంషాబాద్‌లో దిగుతాం. నేను క్యాబ్‌ల ఆఫీసులో ఫోన్లు ఎత్తుతాను. అతను ఎయిర్‌పోర్టు కార్గోలో పెట్టెలు ఎక్కిస్తాడు. ఆ చేతులు నాకు నచ్చాయి. బస్సు బ్రేకు వేస్తే పట్టుకుని, ఆ తర్వాత వదలడానికి కొంచెం ఆలస్యం చేసే చేతులు. ఇది రాస్తే మావాళ్లు సిగ్గుపడతారు. పడనీ.

నా ఫోన్ వచ్చిన మెసేజ్‌ను చదివి వినిపిస్తుంది. అది చేతికి రాకముందు నాకొచ్చిన ప్రతి మాటా వదిన నోటి మీదుగానే వచ్చేది. దారిలో ఆమె ఎన్ని మింగిందో తెలియదు.

ఒక వానాకాలపు పొద్దున అతని మెసేజ్ వచ్చింది. చాలామందిలాగే తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాడు. నా ఫోన్‌లోని ఇంగ్లీషు గొంతు దాన్ని తనకు తోచినట్టు చదివింది: "ఓకా మడ్డూ ఇస్టావా."

మళ్లీ మళ్లీ విన్నాను. మడ్ అంటే బురద. గల్లీ నిండా అదే కదా. పాపం, దాని గురించే అడుగుతున్నాడనుకుని వాయిస్ పంపాను: "మా దగ్గర గూడ మస్తుగున్నది. జర చూసుకొని రా, జారిపడ్తవ్."

ఆ వారమంతా అతను నా పక్క సీటుకు రాలేదు. దాన్నీ నా ఫిర్యాదుల్లో కలుపుకున్నాను. చివరికి శంషాబాద్‌లో దిగేచోట అతని గొంతు గుర్తుపట్టి నిలదీశాను.

"ఏంది, బురదకే అలిగినవా?"

"బురదేంది?"

"నువ్వే గదా, మడ్డూ అన్నవ్!"

అతను నా చెవి దగ్గరికి వంగాడు. గుసగుసగా, "ముద్దు అడిగిన," అన్నాడు. "నువ్వేమో మస్తుగున్నది, జారిపడ్తవ్ అంటివి. ఎక్కిరిస్తున్నవనుకున్న."

కడుపు పట్టుకుని నవ్వాను. కానీ ఈ ఫోన్లు తయారుచేసేవాళ్ల మీద ఫిర్యాదు మాత్రం ఉంది. బ్యాటరీ ఎంతుందో, వాన ఎప్పుడొస్తుందో తప్పు లేకుండా చెప్పిస్తారు. చూపులేని ఆడదానికి ముద్దు కూడా రావచ్చని ఒక్కరికీ తట్టలేదు.

"ఇగ తెలుగుల కొట్టు," అన్నాను.

మర్నాడు కొట్టాడు, బస్సులో వెనక సీటు నుంచి. నా ఇయర్‌ఫోన్ ఊడి ఉంది. ఫోన్ రైల్వే స్టేషన్‌లో ప్రకటించినట్టు చదివింది: "ఒక ముద్దు ఇస్తవా. ప్రశ్నార్థకం."

బస్సంతా వింది. ముందు సీటులో కూరగాయల గంప పెట్టుకున్న పెద్దమ్మ గొంతు ఇటు తిరిగింది. "అడుగుతున్నడు గదనే బిడ్డా, చెప్పు! పోరడు పరేషానైతున్నడు."

"జల్ది తేల్చుండ్రి, తొండుపల్లి వచ్చింది," అంది కండక్టరమ్మ.

జీవితంలో మొదటిసారి, బస్సుకు బస్సే నా జవాబు కోసం ఆగింది. "ఇస్త!" అన్నాను, డ్రైవర్‌కూ వినబడేలా. చప్పట్లు కొట్టారు.

ఇచ్చాను కూడా. ఎక్కడో చెప్పను. విమానమొకటి మా తల మీదుగా చాలా కిందుగా పోయింది. దాని మోత ఆగింది, మేం ఆగలేదు.

ఇప్పుడు అసలు ఫిర్యాదు. మొన్న నేనే అడిగాను: "తొండుపల్లిల ఒక అర్ర కిరాయికి చూసిన. నన్ను పెండ్లి చేసుకొని అండ్లకొస్తవా?" జవాబు చక్కటి తెలుగులో వచ్చింది: "ముందుగాల మీ వదినను అడుగుత."

వదినను!

నువ్వు ఇది చదువుతావని తెలుసు. ఆ గదిలో ఉండబోయేది వదిన కాదు. అడిగింది నేను, నిన్ను. వస్తవా, రావా? నాకు చెప్పు. తెలుగుల కొట్టు.