ముప్పైరెండుసార్లు నమిలే వైద్యర్

మా ఊరి వైద్యుడు, రావుణ్ణి వైద్యర్ అంటారు, ప్రతి ముద్దనీ ముప్పైరెండుసార్లు నములుతాడు. ముప్పై ఒకటికి మింగడు, ముప్పైమూడు దాకా ఆగడు. ఆయనకున్న పిచ్చి ఇదొక్కటే. కాకపోతే అది రోజుకి రెండు పూటలా, పూటకి గంటంబావు చొప్పున ఉంటుంది కాబట్టి కేరళలోని మా ఒట్టప్పాలంలో ఆయన్ని ఎరగనివాళ్లు లేరు.

చెంచా అంటే ఆయనకు ఒళ్లుమంట. అన్నం సంగతి ముందు వేళ్లకి తెలియాలట. వేడి ఎంతో, మెత్తన ఎంతో వేళ్లు కబురు పెడితే పొట్టలో జఠరాగ్ని లేచి కూర్చుంటుందట. చెంచాతో తినడమంటే చెప్పాపెట్టకుండా వందమంది చుట్టాల్ని ఇంటిమీదికి తోలడమేనట. "పాపం, పొట్ట కంగారుపడుతుంది. దానికి నువ్వు గ్యాస్ అని పేరు పెట్టుకున్నావు" అంటాడు.

నాడి చూసి మందిచ్చే వైద్యులు బోలెడుమంది. ఈయన తిండి చూసి ఇస్తాడు. వచ్చినవాళ్లు అరిటాకు పొట్లంలో అన్నం తెచ్చుకుని, ఆయనెదురుగా అరుగుమీద కూర్చుని తినాలి. పన్నెండున్నరకి ఆ వీధిలోకి వెళితే కషాయం వాసన రాదు, చేపల పులుసు వాసన వస్తుంది. కడుపుబ్బరమని వచ్చిన ఒక బ్యాంకు మేనేజరు చేతిలో పేపరు లాగేసి, గంటసేపు ఆకువైపే చూస్తూ తినమని, తిన్నాక ఇక వెళ్లమన్నాడు. మందేదని అడిగాడు మేనేజరు. "ఇప్పుడే తిన్నావుగా" అన్నాడు వైద్యర్. వారం తిరక్కుండా ఆ మేనేజరు అరటిగెల మోసుకొచ్చాడు.

నమిలేటప్పుడు దేవుడొచ్చి పిలిచినా పలకడు. ఎడమ చెయ్యి ఎత్తి ఆగమంటాడు, అంతే. వంటింట్లో పిల్లి దూరినట్టుంది చూడమని భార్య మాళుయమ్మ పెరట్లోంచి కేకేసినప్పుడు కూడా అలాగే చెయ్యెత్తాడు. లెక్క పూర్తయి, మింగి, "ఏమిటీ" అనేసరికి పిల్లి పాలు తాగి, గిన్నె నాకి, మీసాలు కూడా తుడుచుకుందట.

ఇంట్లో అయితే ఆ బాధ మాళుయమ్మది. పెళ్లిళ్లలో అది ఊరందరిదీ. పంక్తిలో అందరికన్నా పెద్దవాడు లేచేదాకా ఎవరూ లేవకూడదు. డెబ్బై ఎనిమిదేళ్ల వైద్యర్ ఎక్కడ కూర్చున్నా ఆయనే పెద్దవాడు. అందుకే ఆయన్ని ఎలాగోలా ఆఖరి పంక్తికి తప్పించడం మా ఊళ్లో అందరూ నేర్చుకున్న విద్య.

మా అక్క కూతురు ప్రసన్న పెళ్లికి ఆ విద్య నాకూ అవసరమైంది. మేనమామని, పెత్తనమంతా నాది. గురువారం ఒకటిన్నరకి రాహుకాలం. ఆలోగా పిల్ల మా గడప దాటాలని పెళ్లికొడుకు బాబాయి దివాకరన్ వారం ముందే కబురు పంపాడు, ఆరోజు పొద్దున మళ్లీ చెప్పాడు. ఆలస్యమైతే అత్తారింట్లో మొదటి మాటే దెప్పుడు అవుతుందని మా అక్క భయం. తాళి పడేసరికి పదకొండున్నర. మూడు పంక్తులు లేవాలి. వైద్యర్‌ని మూడో పంక్తిలో వేద్దామని నేను గట్టిగా అనుకున్నాను.

ఇంతలో పెళ్లికొడుకు తండ్రి, రిటైరైన స్టేషన్ మాస్టర్ మేనోన్‌గారు, తనకి ఆకలిగా లేదని, భోజనం వద్దని అన్నారు. వియ్యంకుడు మెతుకు ముట్టకుండా లేచిపోతే ఆడపెళ్లివాళ్లకి అంతకన్నా తలవంపులేముంటుంది? నేను బతిమాలుతుండగానే వైద్యర్ ఎక్కణ్నుంచి ఊడిపడ్డాడో, మేనోన్‌గారి కుడిచెయ్యి పట్టుకుని, "ఆకలి సంగతి ఆకు ముందు కూర్చున్నాక చూద్దాం" అని మొదటి పంక్తి చివరికి తీసుకుపోయి పక్కనే కూర్చున్నాడు. వియ్యంకుడు దక్కాడని సంతోషించాలో, రాహుకాలం తప్పదని ఏడవాలో నాకు తెలియలేదు.

పన్నెండు ఇరవైకి పంక్తి మొత్తం పాయసం, మజ్జిగా ముగించి, ఎండిపోతున్న చేతులతో కూర్చుంది. వైద్యర్ ఇంకా సాంబారు దగ్గరే ఉన్నాడు. నేను వెళ్లి, ఇంకెంతసేపని వినయంగా అడిగాను. ఎడమ చెయ్యి ఎత్తాడు. నిలబడ్డాను. దవడలు ఆడుతున్నాయి. చివరికి మింగి, "ఏమన్నావు వాసూ?" అన్నాడు. నేను నోరు తెరిచేలోగా మళ్లీ నమలడం మొదలుపెట్టాడు.

ఒంటిగంటకి దివాకరన్ గడియారం చూపిస్తూ వచ్చి, వాళ్లన్నయ్యకి ఒక చెంచా తెప్పించమని నా చెవిలో అన్నాడు. అది వైద్యర్ చెవినా పడింది. నమలడం సగంలో ఆపడం ఆయన జన్మలో అదే మొదటిసారి.

"నా పంక్తిలో చెంచా కనిపిస్తే నేను సాయంత్రందాకా లేవను" అన్నాడు. "అందరూ ఎవరి ఆకు వాళ్లు చూసుకోండి. తినేటప్పుడు పక్కాకులోకి చూస్తే అరగదు."

పంక్తి పంక్తంతా తలలు దించుకుని ఖాళీ ఆకులు చూసుకుంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఏమైతే అదయిందని, ఈసారి ఆకు ఎత్తేసైనా లేపాలని రసం గిన్నె పట్టుకుని వెళ్లాను. వడ్డించడానికి వంగాను. అప్పుడు కనపడింది మేనోన్‌గారి చెయ్యి.

బొటనవేలు కదులుతోంది, మిగతా నాలుగూ సరిగా ముడుచుకోవడం లేదు. కలిపిన ముద్ద పైకి లేచేసరికి సగం జారిపోతోంది. ఆయన మళ్లీ పోగుచేస్తున్నారు, మళ్లీ ఎత్తుతున్నారు. నుదుటిమీద చెమట. అయినా మానడం లేదు. వైద్యర్ ఆకు మీద తినడానికి ఏమీ మిగల్లేదు. ఎప్పుడో అయిపోయింది. ఆయన నోట్లో కూడా ఏమీ లేదు. ఖాళీ దవడలు ఆడిస్తూ, పద్ధతిగా ముప్పైరెండూ లెక్కపెట్టి, ఏమీ లేనిదాన్ని మింగుతున్నాడు.

నాకు కోపం పోయి నవ్వొచ్చింది. రసం గిన్నె పక్కన పెట్టి వంటవాళ్ల దగ్గరికి వెళ్లాను. పాయసం మళ్లీ మొదటినుంచీ వడ్డించమన్నాను, మెల్లిగా వడ్డించమన్నాను. ఎక్కడిదాకా వచ్చిందని దివాకరన్ అడిగితే, వైద్యర్ పదహారోసారి నములుతున్నాడని చెప్పాను. గుమ్మంలో నిలబడి రెండో పంక్తివాళ్లని నేనే ఆపాను. కళ్లముందే ఒకటిన్నర అయింది, దాటింది.

ఆకుమీద పాయసాన్ని వేళ్లతో తినడం చెయ్యి బాగున్నవాళ్లకే కష్టం. మేనోన్‌గారు అప్పడం నలిపి, అరటిపండు కలిపి, చివరి చుక్కదాకా తిన్నారు. ఆ చేత్తోనే ఆకు తనవైపుకి మడిచారు. వైద్యర్ అప్పుడు లేచాడు.

"అన్నయ్యా, రాహుకాలం వచ్చేసింది" అన్నాడు దివాకరన్.

"వస్తే కూర్చోమను. మూడింటికి బయల్దేరదాం" అన్నారు మేనోన్‌గారు. "ఏడాదైందిరా దివాకరా, నేను గది తలుపు మూసుకోకుండా, నలుగురిలో అన్నం తిని."

మూడింటిదాకా కూతురు ఇంట్లోనే ఉంటుందని మా అక్క ఆనందం దాచుకోవడానికి నానా తంటాలూ పడింది.

కుళాయి దగ్గర వైద్యర్‌ని పట్టుకున్నాను. మేనోన్‌గారికి పక్షవాతం వచ్చి తగ్గిందని దివాకరన్ చెప్పాకే నాకు తెలిసింది, మీకెలా తెలుసని అడిగాను.

"మండపంలో అందరికీ గంధం ఎడమచేత్తో ఇచ్చాడు. నువ్వు డబ్బులతో, దండలతో తిరుగుతున్నావు, నీకేం కనిపిస్తుంది? ఆ వేళ్లకి అన్నం కావాలి, కాస్త తీరిక కావాలి. చెంచా ఇస్తే అవి బద్ధకిస్తాయి."

"మరి మీరు గంటసేపు ఉత్తినే నమిలారు కదా."

ఆయన ఎడమ చెయ్యి ఎత్తాడు. ఈసారి మాత్రం ఆగలేదు, వెంటనే మాట్లాడాడు.

"ఆయన్ని చూడటంలో పడి నేను సరిగ్గా తినలేదు వాసూ. మూడో పంక్తిలో నాకో ఆకు వేయించు."

ఆకు నేనే వేశాను. నాలుగుంబావుకి లేచాడు. ప్రసన్న ఆయన కాళ్లకి దణ్ణం పెట్టి ఆ తర్వాతే బయల్దేరింది. దివాకరన్ అప్పటికే గడియారం తీసి జేబులో పెట్టుకుని, రెండోసారి పాయసం తింటున్నాడు.